తూర్పు వరస వెనక్కి తిరగడం లేదు

రోజు 401, ఆదివారం

తెర మీది బంతాటలో తూర్పు వరస మళ్లీ ఓడింది. నాలుగు–ఒకటి. ఇలా ఓడడం ఇది మూడో వారం.

ఆట అంకెలు సర్దేవాళ్లు ఏ వారం ఏం మార్చారో, ఎందుకు మార్చారో రాసిపెట్టాలని, సముద్రపు నీళ్లలో ఉప్పు తీసి తీరానికి మంచినీళ్లు పంపే మా తెప్ప మీద నియమం. ఏం మార్చానో రాయగలను. ఎందుకు ఓడుతున్నారో మాత్రం నాకు అంతుపట్టడం లేదు.

రెండు వరసల అంకెలూ నిన్న సాయంత్రం మళ్లీ కూడి చూశాను. పరుగు, బలం, ఓపిక, గురి, అందింపు. పదకొండుమందికి పదకొండుమంది, మొత్తం మీద రెండు అంకెల తేడా. ఆ రెండూ తూర్పుకే ఎక్కువ. అంటే గెలవకపోయినా కనీసం సమానంగా రావాలి.

ఓడిన వరస మరుసటి వారమంతా తెప్ప అడుగుకి దిగి, అక్కడ పట్టిన గుల్లలు గీకాలి. నడుముకి తాడు కట్టుకుని, మోకాళ్ల దాకా నీళ్లలో వేలాడుతూ గీకే పని. చేతులు కోసుకుపోతాయి, ఆ కోతల్లోకి ఉప్పు దిగుతుంది. ఎవరు దిగాలన్న తగువు రోజూ పడలేక, ఆటలో తేల్చుకుందామని మొదట్లోనే అందరూ ఒప్పుకున్నారు. రెండు వరసలకీ వంతు సమానంగా పడేట్టు చూడడం నా పని. నలభై ఆరుగురిలో నాకు ఈ పని ఎందుకిచ్చారంటే, కాలు విరిగాక నేను తాడెక్కలేను.

తెప్ప మీద గదులు రెండు వరసలు. నేనుండేది పడమర వరసలో. మా వదిన పైడితల్లి తూర్పు వరసలో ఉంటుంది, వాళ్ల జట్టుకి ఆవిడే నాయకురాలు. చీట్లు వేసినప్పుడు అలా పడింది.

రోజు 404

పొద్దున్న ఉప్పు పళ్లేలు కడిగి ఆరబెట్టాను. తర్వాత కట్టు గుడ్డలూ మందూ తీసుకుని తూర్పు అంచుకి వెళ్లాను. వదిన తాడు మీద వేలాడుతూ గుల్లలు గీకుతోంది. "వదినా" అని పిలిచాను. పలకలేదు. రెండోసారి గట్టిగా పిలిచాను. పక్కనున్న ఇద్దరూ కూడా తల తిప్పలేదు. ముగ్గురి వీపులూ నా వైపు. మందు అక్కడే పెట్టి వచ్చేశాను.

మూడు వారాలుగా కిందకి దిగుతున్నవాళ్లకి కోపం రావడంలో వింతేమీ లేదు. కానీ వదిన నాతో ఇంతవరకూ మాట మానేయలేదు. అన్నయ్య సరుకుల పడవ మీదే ఉంటాడు, నెలకోసారి వస్తాడు. మిగతా రోజుల్లో మేమిద్దరం ఒకరికొకరం.

రోజు 408, ఆదివారం

తూర్పు వాళ్లకి గురి మూడు, ఓపిక రెండు పెంచాను. మూడు–సున్నా. మళ్లీ తూర్పే ఓడింది.

ఈసారి అన్నం తింటూ ఫలితం కోసం చూడకుండా, ఆట మొదటినుంచీ చివరిదాకా తెర ముందు కూర్చుని చూశాను. తెర మీద పరుగెత్తేవి మా మనుషుల బొమ్మలే. ప్రతివాళ్ల మణికట్టుకీ పట్టీ ఉంటుంది. వారమంతా మనిషి ఎలా నడిచాడో, ఎంత బరువెత్తాడో, చెయ్యి ఎంత కుదురుగా పెట్టాడో ఆ పట్టీ చూసుకుంటుంది. శనివారం ఆ అంకెలు ఆటలోకి పంపుతుంది. వాటిని నేను సర్దుతాను. నిజంగా తన్నాలంటే బంతి సముద్రంలో పడుతుంది కాబట్టి, మా ఆటంతా తెర మీదే.

వదిన బొమ్మ బాగానే పరుగెత్తింది. కానీ వెనకనుంచి ఎవరైనా బంతి అందిస్తే అది తన పక్కనుంచే దొర్లిపోతున్నా చూడడం లేదు. ఒక్క వదినే కాదు, తూర్పు వాళ్లందరూ అంతే. ఎదురుగా వస్తే పట్టుకుంటారు, వెనకనుంచి వస్తే వదిలేస్తారు.

పడమర నాయకుడు అప్పలకొండ నా పక్కనే కూర్చున్నాడు. "మీ వొదినోళ్లకి బంతి మీద కోపమొచ్చినట్టున్నాది, దాలమ్మా" అన్నాడు.

"బొమ్మలకి కోపమేటి?" అన్నాను.

"నాకేటి తెల్సు? అంకెలేసేది నువ్వు" అన్నాడు.

వదిన అందింపు అంకె చూశాను. డెబ్బై ఎనిమిది. బాగానే ఉంది.

రోజు 410

వదిన కుడిచేతికి కట్టు ఉంది. వంట గదిలో కలిసింది, అన్నం వారుస్తోంది. మాట కలుపుదామని "నొప్పా?" అని అడిగాను.

"ఉప్పా? ఆ డబ్బాలో ఉన్నాది, తీసుకో" అంది.

నా మొహంలోకి చూడను కూడా చూడలేదు. నవ్విందా అంటే అదీ లేదు. నేను అడిగింది ఏమిటి, ఆవిడ చెప్పింది ఏమిటి? ఉప్పు తీసే తెప్ప మీద ఉప్పు అడుక్కునేదాన్ని చేసింది నన్ను. వెటకారమే అనుకున్నాను. అడగడానికి మనసొప్పక వచ్చేశాను. రోజంతా ఆ మాటే చెవిలో తిరిగింది.

ఇంకో సంగతి. తూర్పు వాళ్లు ఈ మధ్య గట్టిగట్టిగా మాట్లాడుకుంటున్నారు. వంట గది తలుపు దగ్గర నిలబడితే దెబ్బలాడుకుంటున్నారేమో అనిపిస్తుంది. తీరా చూస్తే పప్పు గురించే.

రోజు 415, ఆదివారం

విసుగొచ్చి తూర్పు వాళ్లకి గురి ఒక్కసారే పన్నెండు పెంచాను. అయిదు–అయిదు. సమానం.

చూడడానికి మాత్రం చాలా అసహ్యంగా ఉంది. ఆట మొత్తం మీద బంతి తూర్పు వాళ్ల కాళ్లకి ఏడుసార్లు తగిలింది, అందులో అయిదు గోల్స్. సగం మైదానం అవతలనుంచి కొట్టినా లోపలికే.

తెప్ప పనంతా చూసే పెద్ద సరంగు జోగారావు గారు. ఆయన వచ్చి "ఇవాళ సమానంగా వచ్చింది. ఇలాగే ఉంచు" అని మెచ్చుకుని వెళ్లారు. సమానం వస్తే రెండు వరసలూ సగం సగం దిగాలి కాబట్టి తగువు లేదు.

అప్పలకొండ గోడకి ఆనుకుని నిలబడి "కళ్లు మూసుకుని తన్నినా గోలే అయితే మావెందుకు ఆడ్డం?" అన్నాడు.

తూర్పు వాళ్లు కూడా సంతోషించలేదు. వదిన నా దగ్గరికి వచ్చి, మెస్సంతా వినబడేటంత గొంతుతో, "అది మా ఆట కాదు. ఎవులాటో తెచ్చి మాకు తగిలించీసినావు" అంది.

ఓడితే కోపం, ఓడకపోతే కోపం. ఏ అంకె ముట్టుకోవాలో తెలియడం లేదు.

రోజు 418

ఈ రోజు పగలు పదకొండు గంటలకి బంగారయ్య చిన్నాన్న భుజం విరిగింది.

చిన్నాన్న తూర్పు వరస మనిషి, వయసు యాభై దాటింది. ఇరవై ఏళ్లుగా తాళ్లూ గొలుసుల మధ్యే పని. ఎత్తుడు యంత్రం మీదనుంచి గుల్లల బుట్ట దిగుతోంది, ఆయన దాని కింద నిలబడి తాడు చుట్టుకుంటున్నాడు. అప్పలకొండ పైనుంచి అరిచాడు. నేను అరిచాను. ఇంకో నలుగురు అరిచారు. గంట కూడా మోగింది. ఆయన తల ఎత్తలేదు. అప్పలకొండ గొలుసు బిగించి ఆపగలిగాడు కాబట్టి బుట్ట అంచు భుజానికి తగిలింది. లేకపోతే తల మీద పడేది.

చిన్నాన్నని చాప మీద పడుకోబెట్టాం. అప్పలకొండ పక్కన కూర్చున్నాడు. "ఏం చిన్నాన్నా, అంతమందిమి అరుత్తుంటే?" అని అడిగాడు.

చిన్నాన్న అతని మొహంలోకి చూశాడు. "ఎవులరిసినారు?" అన్నాడు. "ఎవులూ అరవనేదు."

ఆయన అబద్ధమాడే మనిషి కాదు. నేను అరిచాను, అది అబద్ధం కాదు. ఈ రెండూ ఒకేసారి నిజం ఎలా అవుతాయి?

మధ్యాహ్నం ఆట పెట్టె ముందు కూర్చున్నాను. నేను సర్దే అంకెలు మొదటి పేజీలో ఉంటాయి. రెండో పేజీ ఒకటుంది. అందులో ఉన్నవాటిలో మనుషుల మధ్య పెద్దగా తేడా లేదని ఆట పెట్టిన కొత్తలోనే చూసి మూసేశాను, మళ్లీ తెరవలేదు. ఇవాళ తెరిచాను. మూడో గడి పేరు పిలుపు. మనిషిని వెనకనుంచి పిలిస్తే ఎంతసేపటికి తిరిగాడన్నది పట్టీ లెక్కకట్టే అంకె అది.

పడమర వాళ్లు: డెబ్బై రెండు, డెబ్బై, డెబ్బై నాలుగు. అందరూ అటూఇటూగా అంతే.

తూర్పు వాళ్లు: ముప్పై ఒకటి. ఇరవై ఎనిమిది. నలభై. బంగారయ్య చిన్నాన్న, తొమ్మిది. వదిన, పదకొండు.

పాత వారాలు వెనక్కి తిప్పి చూశాను. ఇరవై వారాల క్రితం వాళ్లకీ డెబ్బై పైనే ఉన్నాయి.

రోజు 419

పొద్దున్న వదిన బట్టలు ఆరేస్తుంటే వెనక నిలబడ్డాను. మామూలు గొంతుతో "వదినా" అన్నాను. గట్టిగా అన్నాను. చేతిలో ఉన్న పళ్లెం మీద గరిటెతో కొట్టాను. తెప్ప అవతలి అంచున ఉన్న అప్పలకొండ తిరిగి చూశాడు. వదిన తాడు మీద చీర సర్దుకుంటూనే ఉంది.

ముందుకి వెళ్లి నిలబడ్డాను. నన్ను చూసి ఉలిక్కిపడింది. చెవి చూపించి, తల అడ్డంగా ఊపి, "నీకు వినబడడం లేదు" అని నెమ్మదిగా అన్నాను.

"నాకు బాగానే ఇనబడతన్నాది" అంది. "మీరందరే గొణుగుతన్నారు."

"ఎవరం?"

"పడమరోళ్లందరూ. నువ్వూను. నాలుగైదు వారాలుగా మాతో ఎవులూ నోరు తెరిచి మాటాడ్డం నేదు. ఆటలో ఓడినోళ్లమని సులకన గావాల అనుకున్నాం. నువ్వయినా సరిగ్గా మాటాడతావనుకుంటే నువ్వూ పెదాలు కదుపుతావు, మాట బయటికి రానియ్యవు."

మేం వాళ్లకి కోపమనుకున్నాం. వాళ్లు మాకు చులకననుకున్నారు. అక్కడే తడి చెక్క మీద కూర్చున్నాను. వదిన పక్కన కూర్చుని నా పెదాలు చూస్తూ ఉంది. "ఉప్పు కాదు, నొప్పి" అని చెప్పాను. మూడుసార్లు చెబితే అర్థమైంది. అప్పుడు తన కట్టు చూసుకుని ఏడ్చింది.

తూర్పు వరస గదుల్లోకి వెళ్లాను. నాకు ఏ మోతా వినబడలేదు. కానీ నేల మీద పెట్టిన గిన్నెలో నీళ్లు సన్నగా వణుకుతున్నాయి. అరచెయ్యి ఆనించాను. తిమ్మిరెక్కినట్టయింది. ఆ గదుల కిందే, సముద్రపు నీళ్లు తోడి ఉప్పు విడదీసే కొత్త మోటారు. అది బిగించి ఇరవై రెండు వారాలు.

రోజు 420

సరంగు గారి దగ్గరికి వెళ్లి అంతా చెప్పాను, కాగితం మీద అంకెలు రాసి చూపించాను. ఆయన చెడ్డ మనిషి కాదు. కాగితం రెండుసార్లు చదివారు.

"ఆ మోటారు చప్పుడే చెయ్యదు కదమ్మా. చప్పుడు చెయ్యని దానికి చెవులెలా పోతాయి?"

"నాకు తెలియదండి."

"అది ఆపితే మంచినీళ్లు సగానికి పడిపోతాయి. తీరం మీద జనం మనవైపే చూస్తున్నారు. బంతాట అంకెలు చూసి ఆపేశానంటే వాళ్లకేమని చెప్పాలి?"

"అదీ నాకు తెలియదండి."

"డాక్టరు గారి పడవ ఇంకో నాలుగు వారాల్లో వస్తుంది. ఆయన్ని చూడనీ."

నాలుగు వారాలంటే ఆ నేల మీద ఇరవై ఎనిమిది నిద్రలు. ఈ మాట ఆయనతో అన్నాను. ఆయన కిటికీవైపు తిరిగి సముద్రం చూశారు.

రోజు 422, ఆదివారం

ఈ వారం నేనేమీ సర్దలేదు. ఇన్ని వారాలుగా తూర్పుకి కలిపినదంతా తీసేశాను. పట్టీలు పంపిన అంకెలు పంపినట్టే ఆటలో పెట్టాను. సరంగు గారిని వచ్చి చూడమని అడిగాను. వచ్చి తలుపు దగ్గర నిలబడ్డారు.

ఆట మొదలైంది. మొదటి గోల్ మూడో నిమిషంలో. అయిదో నిమిషంలో రెండోది. తెర మీద బంగారయ్య చిన్నాన్న బొమ్మ వెనక ముగ్గురు చేతులూపుతూ పిలుస్తున్నారు. బొమ్మ సముద్రం కేసి చూస్తున్నట్టు ఒకవైపే చూస్తూ నిలబడింది. వదిన బొమ్మ పక్కనుంచి బంతి దొర్లిపోయింది, తర్వాత అవతలి జట్టు మొత్తం ఆమెని దాటి పరుగెత్తింది. అప్పుడు గాని ఆ బొమ్మకి తెలియలేదు. ఆరు–సున్నా అయ్యేసరికి పడమర వాళ్లు గోల్స్ లెక్కపెట్టడం మానేశారు. ఎవరూ నవ్వలేదు.

తూర్పు వాళ్లు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. తమ బొమ్మల్ని వాళ్లు అలా ఇంతకుముందు చూడలేదు. నేను కలిపిన అంకెలు చూడనివ్వలేదు.

పదకొండు–సున్నా దగ్గర ఆట అయిపోయింది. వదిన లేచి నిలబడింది. బయటికి వెళ్లింది. కాసేపటికి చుట్టిన చాప చంకలో పెట్టుకుని వచ్చి, పడమర వరసవైపు నడిచింది. ఆమె వెనక మిగిలినవాళ్లూ తమ చాపలు తెచ్చుకున్నారు. అప్పలకొండ అందరికంటే ముందు లేచి, తన గదిలో సామాను గోడవారకి జరిపాడు. చిన్నాన్నని ఇద్దరు మోసుకొచ్చారు.

సరంగు గారు చీకటి పడకముందే కిందకి దిగారు. ఎక్కి వచ్చాక ఆయన చేతులకి గ్రీజు ఉంది. "పాత మోటారు పెట్టాను. రేపటినుంచి ఒంటి మీద పోసుకునే నీళ్లు తలకో చెంబు" అన్నారు. ఎవరూ గొణగలేదు.

రోజు 449

డాక్టరు గారు రెండు రోజులుండి అందరినీ చూశారు. తూర్పు వరస ఇరవై ముగ్గురిలో పధ్నాలుగుమందికి వినికిడి కొంత తిరిగి వస్తుందన్నారు. తొమ్మిదిమందికి రాదు. ఆ తొమ్మిదిమందిలో వదిన ఉంది, చిన్నాన్న ఉన్నాడు.

మోటారు చెవికి అందని మోత చేస్తుందని, అది లోపల్లోపల పని చేస్తుందని చెప్పారు. చెవికి అందని మోత చెవినెలా పాడు చేస్తుందో ఆయన విడమరిచి చెప్పినా నాకు సగమే అర్థమైంది.

నేను అడిగింది వేరే. "రెండు వారాలు ముందు కనిపెట్టి ఉంటే?" అన్నాను.

"ఒకరిద్దరికి మేలు జరిగేదేమో. చెప్పలేం" అన్నారు.

ఆ మాట వదినకి పలక మీద రాసి చూపించాను. ఆ రెండు వారాలూ నేను గురి పెంచుతూ కూర్చున్నానని కూడా రాశాను. వదిన చదివి, తడి గుడ్డతో పలక తుడిచేసింది. "నాకు ఇనబడనేదని నాకే తెల్దు. నీకెలా తెలుస్తాది" అంది. తన గొంతు ఎంత పెద్దగా ఉందో తనకి తెలియక, తెప్పంతా వినబడేట్టు అంది. క్షమించిందో, మాట తప్పించిందో ఇప్పటికీ తేల్చుకోలేను.

రోజు 534, ఆదివారం

తూర్పు నాలుగు, పడమర సున్నా. తూర్పు గెలవడం ఇది నాలుగో వారం.

నేనేమీ కలపలేదు. రెండు పేజీలూ మళ్లీ మళ్లీ చూశాను. పిలుపు తొమ్మిదిమందికి ఇంకా అట్టడుగునే ఉంది. పెరిగింది దాని కింది గడి, చూపు: మనిషి చుట్టూ ఎంత తరచుగా చూసుకుంటాడన్న అంకె. వదినకి తొంభై నాలుగు. ఈ ఆటలో అంత అంకె నేనెప్పుడూ చూడలేదు. ఆమె బొమ్మ బంతి రాకముందే తల తిప్పుతోంది. ఎవరు ఎక్కడున్నారో ముందే చూసి పెట్టుకుంటోంది. నిజానికి తెప్ప మీద కూడా వాళ్లు అలాగే తిరుగుతున్నారు. నాలుగడుగులకోసారి భుజం మీదుగా వెనక్కి చూస్తారు. పడమరకి వచ్చి పడుకుంటున్నా, ఆటలో వాళ్లని ఇంకా తూర్పు వరస అనే అంటున్నాం.

ఇప్పుడు నాలుగు వారాలుగా పడమర వాళ్లు గుల్లలు గీకుతున్నారు. అప్పలకొండ అరచేతులు చూపించాడు. "నాను వాళ్లని తప్పు పట్టను. కానీ నీ పని నువ్వు చెయ్యాల" అన్నాడు. సరంగు గారు కూడా పిలిచి, సమానం చెయ్యమన్నారు. చూపు ఇరవై తగ్గిస్తే సరిపోతుంది. వేలితో ఒక్క నొక్కు.

ఆ పేజీ తెరిచాను. తగ్గిస్తే, వాళ్లు పోగొట్టుకున్నదానికి బదులు సంపాదించుకున్నది లాక్కున్నట్టు. తగ్గించకపోతే అప్పలకొండ చేతులు అలా కోసుకుపోతూనే ఉంటాయి. ఈ రెండిట్లో ఏది న్యాయమో నాకు తోచలేదు.

వెళ్లి వదిననే అడిగాను. ఎదురుగా కూర్చుని పెదాలు విప్పి అడిగాను. ఆవిడ చేపలు ఎండేస్తోంది. చివరిదాకా విన్నట్టు చూసి, "తగ్గిత్తే నాకేటి పోతాది, అది బొమ్మే కదా" అంది. తర్వాత ఇంకో చేప తీసి తోక పట్టుకుని ఆలోచించింది.

"ఒద్దు. అలగే ఉంచు. రేపు పొద్దున్న పడమరోళ్లందర్నీ పంపించు. సెవుల్లో దూది పెట్టుకుని రమ్మను."

రోజు 541, ఆదివారం

వారం రోజులుగా పొద్దున్నే గంటసేపు పడమర వాళ్లమందరం చెవుల్లో దూది కుక్కుకుని పని చేస్తున్నాం. నేను ఆటలో లేను, అయినా వదిన నన్ను వదల్లేదు. ఆవిడా చిన్నాన్నా మా మధ్య తిరుగుతుంటారు. ఎవరి వెనక్కైనా వచ్చి భుజం మీద తట్టారంటే ఆ మనిషి చూసుకోలేదని లెక్క. అప్పలకొండని మొదటి రోజు పదహారుసార్లు తట్టారు. చిన్నాన్నకి ఒక చెయ్యే పనిచేస్తుంది, ఆ ఒక్క చేత్తోనే. పదహారోసారి అప్పలకొండ కూడా నవ్వాడు. నిన్న అతన్ని నాలుగుసార్లే తట్టారు.

సాయంత్రం ఆటలో ఎవరు గెలుస్తారో నాకు తెలియదు. అంకెలు నేను చూడడం మానేశాను. అది తప్పో ఒప్పో సరంగు గారే చెప్పాలి.

ఇవాళ చెవుల్లో దూదితోనే ఉప్పు పళ్లేలు కడుగుతున్నాను. చుట్టూ ఏ శబ్దమూ లేదు, చేతుల కింద నీళ్లు కదులుతున్నట్టు కనిపించడం తప్ప. ఏమనిపించిందో తెలియదు, పళ్లెం దించి వెనక్కి చూశాను. వదిన రెండడుగుల దూరంలో చెయ్యెత్తి ఆగిపోయి ఉంది.

ఏదో అంది. నాకు వినబడలేదు. పెదాలు చూశాను.

"సూసినావు" అంటోంది.